కంపైలేషన్ వేయబోతున్న మేనకోడలికి

చిన్నీ,

ఆశీస్సులు. మీ చుట్టుపక్కల వాయించే బ్యాండ్ల దగ్గర తలా ఒకటి రెండు పాటలు తీసుకుని, ఏ కంపెనీ అండా లేకుండా మీరే ఒక కంపైలేషన్ ఆల్బమ్ వేద్దామనుకుంటున్నామని రాశావు. వెయ్యండి. ఈ పని మీద నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. అడిగావు కాబట్టి అన్నీ రాసేస్తున్నాను, నచ్చనివి పక్కన పెట్టెయ్.

ఇలాంటి ఆల్బమ్‌ని వచ్చిన ఏడాది పెద్దగా ఎవరూ కొనరు. బ్యాండ్ల వాళ్లు, వాళ్ల స్నేహితులు, షోలకి తరచూ వచ్చే కొందరు, అంతే. దాన్ని నిజంగా వెతుక్కునేవాళ్లు చాలా ఆలస్యంగా వస్తారు. 1986లో సియాటిల్‌లో సీ/జెడ్ రికార్డ్స్ అనే చిన్న లేబుల్ (రికార్డులు వేసే సంస్థ) ‘డీప్ సిక్స్’ అని ఒక కంపైలేషన్ వేసింది. అందులో ఆ ఊరి చుట్టుపక్కల బ్యాండ్లు ఆరు. సౌండ్‌గార్డెన్, మెల్విన్స్, గ్రీన్ రివర్ వాటిలో ఉన్నాయి. అప్పుడది మెల్లగా, అరకొరగా అమ్ముడైంది. కొన్నేళ్లకి ఆ ఊరి సంగీతం ప్రపంచమంతా మోగిపోయాక, ఇదంతా ఎక్కడ మొదలైందని వెతికినవాళ్లు ఆ ఆల్బమ్ దగ్గరికి వచ్చి ఆగారు. మీదీ అంత అవుతుందని ఆశ పెట్టడానికి చెప్పడం లేదు. ఏమీ కాకపోవచ్చు కూడా. కానీ పేరొచ్చినా రాకపోయినా, దాన్ని శ్రద్ధగా వినే మనిషి మీ చేతికందే దూరంలో ఉండడు. డ్రమ్స్ ఎవరు వాయించారు, ఎక్కడ రికార్డ్ చేశారు, ఏ ఏడాది అని అతనికి సందేహం వస్తే అడగడానికి మీరు దొరకరు. అందుకే నేను సౌండ్ గురించి తక్కువ, కాగితాల గురించి ఎక్కువ మాట్లాడతాను. సౌండ్ బాగోలేకపోతే రేపు ఎవరో ఒకరు శుభ్రం చేస్తారు. రాయకుండా వదిలేసిన పేరుని ఎవరూ తెచ్చి పెట్టలేరు.

ముందు ఎవరెవరిని తీసుకోవాలన్నది. ఇక్కడే స్నేహాలు చెడతాయి. 1978 మే నెలలో న్యూయార్క్‌లో ఆర్టిస్ట్స్ స్పేస్ అనే గ్యాలరీలో వరసగా కొన్ని రాత్రులు అక్కడి కొత్త బ్యాండ్లు వాయించాయి. అవి విన్న సంగీతకారుడు, నిర్మాత బ్రయన్ ఈనో ‘నో న్యూయార్క్’ ఆల్బమ్ చేశాడు. నాలుగే బ్యాండ్లు, ఒక్కోదానికి నాలుగు పాటలు. వినడానికి ఎంత బిగువుగా ఉంటుందో చెప్పలేను. కానీ ఆ నలుగురూ చరిత్రకెక్కారు, అదే వేదిక మీద వాయించిన మిగతావాళ్లు పక్కకి జరిగారు. ఆ కినుక చాలా కాలం నడిచింది. దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి 1982లో వాషింగ్టన్ డీసీ వాళ్లది. డిస్కార్డ్ రికార్డ్స్ వేసిన ‘ఫ్లెక్స్ యువర్ హెడ్’లో 11 బ్యాండ్లు, 32 పాటలు, అన్నీ ఒకే ఎల్పీలో, అంటే ఒకే పెద్ద రికార్డులో. పాటలు నిమిషం, నిమిషంన్నర ఉండేవి కాబట్టి పట్టాయనుకో. అందులో నాకు బాగా నచ్చిన సంగతి వేరే ఉంది. అప్పటికే విడిపోయిన బ్యాండ్ల పాటలు కూడా పెట్టారు. టీన్ ఐడిల్స్ 1980లోనే విడిపోయింది, అయినా ఉంది.

నువ్వు ఈ రెండో దారిలో వెళ్లు. బయటి నుంచి వచ్చిన పేరున్న నిర్మాత ఏరితే అది ఒక లెక్క, అందులోనే తిరిగే నువ్వు ఏరితే ఇంకో లెక్క. వాయించే బ్యాండ్లు పది పన్నెండే ఉంటే అందరినీ తీసుకుని, ఒక్కో పాటే అడుగు. ముప్పై ఉంటే ఏరక తప్పదు. అప్పుడు “ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది దాకా బయట కనీసం ఇన్ని షోలు ఆడినవాళ్లు” అని ఒక నియమం పెట్టి, దాన్ని ముందే అందరికీ చెప్పెయ్. నియమం కాస్త మొరటుగా ఉన్నా ఫరవాలేదు. “మా చెవికి నచ్చలేదు” అని మొహం మీద చెప్పడం కంటే అదే మేలు. విడిపోయిన బ్యాండ్‌ని మాత్రం వదలొద్దు. వాళ్ల రికార్డింగ్ ఎవరి పాత ఫోన్‌లోనో, హార్డ్ డిస్క్‌లోనో పడి ఉంటుంది. మీరు అడక్కపోతే ఇంకెవరూ అడగరు.

నీ సొంత బ్యాండ్ సంగతి. పెట్టుకో, మొహమాటం అక్కర్లేదు. కానీ మొదటి పాటగా పెట్టకు, కవర్ మీద ఫోటో మీది వేసుకోకు.

ఇక అనుమతులు. స్నేహితులమే కదా, నోటి మాట చాలదా అంటావు. చాలదు. స్నేహం ఉన్నప్పుడు కాగితం ఎవరికీ అక్కర్లేదు, పేచీ వచ్చాక అందరూ దాన్నే అడుగుతారు. ఒక్కో పాటకీ రెండు వేర్వేరు హక్కులుంటాయని ముందు అర్థం చేసుకో. రాసి, ట్యూన్ కట్టినవాళ్లది ఒకటి. ఆ పాట రికార్డ్ అయిన ఆ ఒక్క రికార్డింగ్ మీద ఉండేది ఇంకొకటి. బ్యాండ్ వాళ్లు పాట రాసి ఉండొచ్చు, కానీ రికార్డింగ్ ఖర్చు ఎవరు పెట్టారు? స్నేహితుడి స్టూడియోలో ఫ్రీగా చేశారంటే, అది నాది అని ఆ స్నేహితుడు రేపు అనొచ్చు. పాట రాసినవాళ్లలో ఒకరు గొడవ పడి బ్యాండ్ వదిలేసి ఉండొచ్చు. అతన్ని కూడా వెతికి పట్టుకుని సంతకం తీసుకోండి. ఇది విసుగు పని, నాకు తెలుసు. ఈ విసుగు భరించలేక ఆగిపోయిన కంపైలేషన్లు చూశాను, భరించకుండా వేసేసి తర్వాత తలలు పట్టుకున్నవాళ్లనీ చూశాను.

ఒప్పందం ఒక పేజీ దాటకూడదు. లాయర్ల భాష వద్దు. ఏ పాట, ఏ రికార్డింగ్, ఎవరి దగ్గర నుంచి తీసుకుంటున్నారు అన్నది మొదట. మీకు ఇచ్చినా ఆ పాటని వాళ్లు వేరే చోట వేసుకోవచ్చని స్పష్టంగా రాయండి. వాళ్ల పాటని మీరు కట్టి పడేసుకోవడం న్యాయం కాదు. క్యాసెట్, సీడీ, రికార్డ్, డౌన్‌లోడ్, స్ట్రీమింగ్, వీటిలో ఏవేవి అన్నది పేరుపేరునా రాయండి. ఎన్నేళ్లు, ఆ తర్వాత మళ్లీ అచ్చు వేయాలంటే అడగాలా వద్దా అన్నది రాయండి. ఈ చివరిది అందరూ మరిచిపోతారు. ఇరవయ్యేళ్ల తర్వాత ఎవరో రీఇష్యూ చేస్తామని వస్తారు, పన్నెండు బ్యాండ్లలో ఇద్దరి ఆచూకీ దొరకదు, పని అక్కడే ఆగుతుంది. “మళ్లీ వేయొచ్చు, లాభం వస్తే ఇదే వాటా” అన్న ఒక్క వాక్యం ఈరోజు రాసి పెడితే ఆ చిక్కు రాదు. సినిమాకో ప్రకటనకో పాట ఇవ్వాలంటే మాత్రం ప్రతిసారీ విడిగా అడుగుతామని రాయండి. వేరేవాళ్ల పాటల్ని బ్యాండ్ మళ్లీ వాయించిన కవర్లు, ఎక్కడి నుంచో కోసి తెచ్చిన శాంపిల్స్ ఉన్న ట్రాకులు ఈ మొదటి ఆల్బమ్‌లో వద్దు. ఆ అనుమతులు తెచ్చుకోవడం మీ స్థాయి పని కాదు.

డబ్బు గురించి రెండు మాటలే. ఇలాంటివాటిలో లాభం వచ్చేది అరుదు. ఒక్కో బ్యాండ్‌కి ఇన్ని కాపీలని ముందే లెక్క కట్టి ఇచ్చెయ్. షోల్లో అమ్ముకుంటారు, అదే వాళ్ల వాటా. ఖర్చులు పోగా ఏమైనా మిగిలితే పాటకింత చొప్పున సమానంగా పంచు. పాట నిడివిని బట్టి పంచుదామని ఎవరైనా అంటే వినకు. ఖర్చుల లెక్క ఒకే షీట్‌లో రాసి అందరూ చూసేలా పెట్టు. దాని గురించి ఇంకేమీ చెప్పను.

రికార్డింగులు నీ చేతికి వచ్చాయంటే పని అయిపోయినట్టు కాదు. ఇల్లలకగానే పండగ కాదు. ఒకరిది మంచి స్టూడియోలో చేసింది, ఒకరిది రిహార్సల్ గదిలో ఫోన్ పెట్టి తీసింది, ఇంకొకరిది లైవ్. క్వాలిటీ తక్కువని ఎవరినీ తిప్పి పంపకు. న్యూజిలాండ్‌లో ఫ్లయింగ్ నన్ లేబుల్ 1982లో ‘డునెడిన్ డబుల్’ అని వేసింది. డునెడిన్ ఊరి బ్యాండ్లు నాలుగు, రెండు రికార్డులు, బ్యాండ్‌కో పక్క. రికార్డ్ చేసింది నాలుగు ట్రాకుల టేప్ మెషీన్ మీద. ఇవాళ్టి చవక ల్యాప్‌టాప్ కూడా దానికంటే ఎక్కువే చేస్తుంది. ఆ ఊరి సౌండ్ గురించి ఎవరు మాట్లాడినా ఇప్పటికీ ఆ రికార్డు ప్రస్తావన రాకుండా ఉండదు.

అయితే అన్నిటినీ ఒకే మనిషి చేత మాస్టరింగ్ (అచ్చుకి ముందు శబ్దాన్ని చివరిసారి సరిచేసే పని) చేయించు. ఈ విషయంలో మాత్రం పొదుపు చేయొద్దు. ప్రతి బ్యాండ్‌నీ మాస్టర్ చేయని మిక్స్ (వాద్యాలు, గొంతులు కలిపిన రూపం) అడుగు, కుదించని 24 బిట్ వేవ్ ఫైల్. శబ్దం పైకి లేవకుండా ఆపే లిమిటర్ వేసి గట్టిగా బిగించిన ఫైల్ ఇస్తే మాస్టరింగ్ చేసేవాడికి కదలడానికి చోటుండదు. ఎంపీ3 ఇస్తే, “వేవ్ లేదా?” అని మూడుసార్లు అడుగు. నిజంగానే లేకపోతే ఎంపీ3నే తీసుకో, పాట లేకపోవడం కంటే నయం. ఎవరి పాట ఎక్కువ లౌడ్‌గా ఉండాలన్న పోటీ మొదలవుతుంది, చూస్తూ ఉండు. స్ట్రీమింగ్ సర్వీసులు ఎలాగూ లెవెల్ సర్దేస్తాయి. స్పాటిఫై మామూలుగా -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం గట్టిదనాన్ని కొలిచే కొలమానం) దగ్గరికి తెస్తుంది. బిగించిన పాటని అది తగ్గించేస్తుంది, మిగిలేది నలిగిపోయిన డ్రమ్స్ మాత్రమే. ఈ సంగతి గిటారిస్టులకి ఓపిగ్గా వివరించు. మాస్టర్ విన్నాక, నచ్చింది, ఇబ్బంది లేదని ప్రతి బ్యాండ్ దగ్గరా ఒక మెసేజ్ తీసుకో, అది కూడా దాచు.

పాటల వరస దేని మీద వేస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎల్పీ అయితే పక్కకి ఇరవై నిమిషాలు దాటకుండా చూసుకో. దాటితే గాడులు ఇరుకై వాల్యూమ్ తగ్గించాల్సి వస్తుంది. రికార్డు తిరిగే వేగం ఒకటే కాబట్టి మధ్యకి వచ్చేకొద్దీ సూది కింద గాడి నెమ్మదిగా కదులుతుంది, పై స్థాయి శబ్దాలు అక్కడ చెదురుతాయి. అందుకని గోలగోలగా ఉండేవి, స, ష శబ్దాలు గట్టిగా పలికే గొంతులు పక్క మొదట్లో పెట్టి, మెత్తని పాటలు చివరికి తోయాలి. “మా పాట చివర ఎందుకు?” అని అడిగే బ్యాండ్‌కి ఇది నిజమైన జవాబు కూడా, బాగా పనికొస్తుంది. క్యాసెట్ అయితే రెండు పక్కలూ దాదాపు సమానంగా ఉండాలి. ఒక పక్క పొట్టిగా ఉంటే అన్ని నిమిషాలు ఖాళీ టేప్ తిరుగుతుంది. సీడీ అయితే 80 నిమిషాల దాకా పడుతుంది. పడుతుంది కదా అని నింపకు. కంపైలేషన్ ఎవరూ 80 నిమిషాలు కూర్చుని వినరు. అక్షర క్రమంలో వరస పెట్టేస్తే గొడవలుండవని కొందరంటారు. గొడవలుండవు, నిజమే. వినబుద్ధి కూడా కాదు.

వినైల్ (రికార్డు) వేసే ఆలోచన ఉంటే ఒక్కటి గుర్తుపెట్టుకో. ఫ్యాక్టరీ నుంచి ముందు టెస్ట్ ప్రెస్సింగులు, అంటే పరీక్షకి తీసిన కాపీలు, వస్తాయి. కనీసం రెండు వేర్వేరు ప్లేయర్ల మీద, ఇద్దరు వేర్వేరు మనుషులు పూర్తిగా విన్నాకే సరే అనాలి. ఒకే చోట ప్రతి కాపీలోనూ టక్కుమంటే తప్పు అచ్చులో ఉన్నట్టు, ఒక్క కాపీలోనే అంటే ఆ కాపీదే. తొందరలో సరే అనేస్తే ఆ టక్కు అన్ని కాపీల్లోకీ వెళ్తుంది. మొత్తం పనికి నెలలు పడుతుంది కాబట్టి రిలీజ్ షో తేదీ పెట్టెలు ఇంటికి వచ్చాకే ప్రకటించు. రికార్డు మధ్యలో అతికించే లేబుల్ కాగితం పక్కన, గాడులు అయిపోయే ఖాళీలో మ్యాట్రిక్స్ నంబర్, అంటే ఆ అచ్చుని గుర్తించే నంబర్, చెక్కుతారు. అక్కడ ఒక చిన్న మాట కూడా చెక్కమని అడగొచ్చు, చాలా లేబుళ్లు సరదాగా చేస్తాయి. ఏం చెక్కించాలో బ్యాండ్లని అడక్కు, నెల రోజులు వాదించుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతి, కవర్ లోపలి కాగితం. ఒక్కో పాటకీ ఇవి రాయండి: పాట పేరు, బ్యాండ్ పేరు, పాట రాసినవాళ్లు, ఎవరు ఏం వాయించారు, ఎక్కడ, ఏ నెలలో, ఏ ఏడాదిలో రికార్డ్ చేశారు, ఎవరు రికార్డ్ చేశారు, ఎవరు మిక్స్ చేశారు. మారుపేర్లతోనే వాయిస్తామంటే మారుపేరే వెయ్యండి, కానీ అసలు పేరు వేయడానికి ఒప్పుకుంటారేమో ఒకసారి అడగండి. ప్రతి పేరునీ ఆ మనిషి చేతే టైప్ చేయించి పంపించుకోండి. స్పెల్లింగ్ తప్పు పడితే అది ఇక జీవితాంతం ఉంటుంది. ఫోటో వేస్తే ఎడమ నుంచి కుడికి ఎవరెవరో, ఫోటో తీసింది ఎవరో ఉండాలి. ఫోటోగ్రాఫర్ అనుమతి కూడా పాట అనుమతి లాంటిదే.

ఏడాది వేయడం మరిచిపోకు. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ సొంతంగా వేసుకున్న ఎన్నో క్యాసెట్లు, రికార్డుల మీద ఏడాదే ఉండదు. తర్వాత రికార్డులు సేకరించేవాళ్లు కవర్ కాగితం చూసి, మ్యాట్రిక్స్ నంబర్ చూసి ఊహాగానాలు చేస్తుంటారు. వృత్తంలో ‘పీ’ అక్షరం సౌండ్ రికార్డింగ్ హక్కుకి గుర్తు, 1961 రోమ్ ఒప్పందం నుంచి వచ్చింది. వృత్తంలో ‘సీ’ కవర్ బొమ్మకీ, లోపలి రాతకీ. రెండూ వేసి, పక్కన ఏడాది, పేరు వేయండి. ఒక్కో పాట హక్కు ఆయా బ్యాండ్‌దే అయితే అలాగే రాయండి, మీ లేబుల్ పేరు వేసేసుకోకండి.

లోపల రాసే వ్యాసం నువ్వే రాస్తానన్నావు. పొగడ్తలు రాయకు. “మా దగ్గర అద్భుతమైన ప్రతిభ ఉంది” అన్న వాక్యం ఎవరికీ పనికిరాదు, ఏ ఊరివాళ్లైనా అదే రాస్తారు. షోలు ఎక్కడ జరిగేవి, ఆ చోటు ఎందుకు మూతపడింది, మూడు బ్యాండ్లకీ ఒకే డ్రమ్మర్ ఎందుకున్నాడు, ఎవరి ఆంప్లిఫయర్‌ని అందరూ వాడుకునేవాళ్లు, పోస్టర్లు ఎవరు గీసేవాళ్లు, ఇవి రాయి. నీకు ఇవన్నీ మామూలు విషయాలు, రాయడానికి సిగ్గేస్తుంది కూడా. బయటివాడికి ఆ వివరాలే బంగారం. ఎవరి మీదైనా కోపం ఉంటే వ్యాసంలోకి రానివ్వకు. ఆ కోపం నీకు తగ్గుతుంది, అచ్చు మాత్రం మారదు.

పేరు విషయంలో జాగ్రత్త. ‘బెస్ట్ ఆఫ్’ అని పెట్టకు, మీరింకా మొదలుపెట్టిందే ఇప్పుడు. ఒక శైలి పేరు కూడా వద్దు. 1986లో బ్రిటన్‌లో ఎన్‌ఎంఈ అనే సంగీత పత్రిక ‘సీ86’ అని 22 బ్యాండ్ల క్యాసెట్ తెచ్చింది. దాని పేరే చివరికి ఒక శైలికి పేరైపోయింది. అందులో ఆ తరహా వాయించనివాళ్లకి కూడా ఆ ముద్ర పడింది. ఏ బ్యాండూ తన నెత్తిన అలాంటి ముద్ర కోరుకోదు. చోటు పేరు, ఏడాది ఉన్న సాదా పేరు నాకిష్టం.

ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు ప్రతి రికార్డింగ్‌కీ ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (రికార్డింగ్‌ని గుర్తించే అంతర్జాతీయ నంబర్) ఉండాలి, అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 12 ఉండేది. అది పాటది కాదు, రికార్డింగ్‌ది. బ్యాండ్ ఇంతకు ముందే ఆ రికార్డింగ్‌ని ఎక్కడైనా పెట్టి ఉంటే అప్పటి కోడే వాడు, కొత్తది తీసుకోకు. ఒకే పేరున్న బ్యాండ్లు ప్రపంచంలో చాలా ఉంటాయి. కంపైలేషన్ పాటలు ఏదో దేశంలోని ఇంకో బ్యాండ్ పేజీలోకి వెళ్లిపోవడం తరచూ జరుగుతుంది. అప్‌లోడ్ చేసేటప్పుడే ప్రతి బ్యాండ్‌కీ సరైన ఆర్టిస్ట్ పేజీ కలుపు, విడుదలైన రోజు ఒక్కొక్కటీ తెరిచి చూసుకో. డిస్కాగ్స్‌లో, మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో (రికార్డుల వివరాలు నమోదయ్యే సైట్లు) ఎంట్రీ మీరే చేయండి. ఎవరో పదేళ్ల తర్వాత సగం తెలిసి చేసే బదులు, కాగితం మీద ఉన్నదంతా మీరే ఎక్కించొచ్చు. స్ట్రీమింగ్ ఉంటే కాపీలెందుకు అంటున్న మీ స్నేహితుడికి ఒక్కటి చెప్పు: అక్కడ పాట ఉండటం అనేది ఎవరో ఏటేటా ఫీజు కట్టడం మీద ఆధారపడి ఉంటుంది చాలా చోట్ల. కట్టడం మానేసిన రోజు పోతుంది.

విడుదల గడిచాక చేయాల్సినవి ఉన్నాయి, అప్పటికి అందరూ అలసిపోయి ఉంటారు కాబట్టి ఇప్పుడే ఎవరి పని ఏదో తేల్చుకోండి. మాస్టర్లు, మిక్సులు, కవర్ ఫైళ్లు, ఒప్పందాల స్కాన్లు మూడు చోట్ల ఉంచాలి, ఒకటి వేరే ఇంట్లో. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ ఫైళ్లని నమ్మకండి, కొన్నేళ్లకి అవి తెరుచుకోవు. ఒక్కో వాద్యాన్నీ విడిగా వేవ్ ఫైల్‌గా తీసి పెట్టమని బ్యాండ్లని అడగండి. ఇంట్లో రాసిన సీడీలని దాచుకునే కాపీలుగా లెక్కపెట్టకండి, వాటి మీదుండే రంగు పొర పాడవుతుంది. అచ్చు వేసిన కాపీల్లో కొన్ని సీల్ తీయకుండా పక్కన పెట్టి, ఎంత గిరాకీ వచ్చినా అమ్మకండి. ఏదైనా లైబ్రరీ, సౌండ్ ఆర్కైవ్, యూనివర్సిటీ రేడియో తీసుకుంటామంటే ఇవ్వండి, అడక్కపోయినా పంపండి.

ఇంత చదివి బెదిరిపోకు. మొత్తం ఇవన్నీ చేయలేకపోతే ఒప్పందం, లోపలి కాగితం, ఈ రెండూ చెయ్యి, మిగతావి ఎలా జరిగినా సరే. ఆలస్యం మాత్రం చేయకు. మొదటి పాట చేతికొచ్చాక ఏడాదిలోపు బయటికి రాకపోతే సగం బ్యాండ్లు విడిపోతాయి, మిగతా సగం ఆ పాటంటేనే సిగ్గుపడుతుంటాయి. పాట ఇస్తాం ఇస్తాం అంటూ తిప్పుతున్నారని రాశావే, ఆ బ్యాండ్‌కి ఒక తేదీ చెప్పు. ఆ తేదీకి రాకపోతే వాళ్లు లేకుండానే మాస్టరింగ్‌కి పంపెయ్. లోపలి వ్యాసంలో వాళ్ల గురించి నాలుగు వాక్యాలు రాస్తే వాళ్లు ఉన్నారన్న సంగతి అయినా నమోదవుతుంది.

ఒప్పందం డ్రాఫ్ట్ అయ్యాక బ్యాండ్లకి పంపేముందు నాకొకసారి పంపు. క్రెడిట్స్ ప్రూఫ్ కూడా పంపు, అచ్చుతప్పులు నేను చూస్తాను, నీ కళ్లకి అప్పటికి ఏవీ కనపడవు.

మీ మావయ్య